రెండు వైపుల నుంచీ తిట్లు పడటం నిష్పాక్షికతకు రుజువు కాదు

సంపాదకులకు,

అయ్యా,

రాజకీయ వార్తల్లో పక్షపాతం గురించి ఎవరైనా నిలదీస్తే పత్రికల నుంచి తరచూ వచ్చే జవాబు ఒకటుంది: ‘అధికార పక్షమూ మమ్మల్ని తిడుతోంది, ప్రతిపక్షమూ తిడుతోంది. అంటే మేం నడిమధ్యన ఉన్నట్టే.’ ఈ జవాబును మీ పత్రిక ఇక వాడవద్దని కోరడానికి, దాని బదులు వార్తలు దిద్దే డెస్క్‌లో ఏం చేయవచ్చో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ జవాబు నిలవదని 1985లోనే తేలింది. రాబర్ట్ వాలోన్, లీ రాస్, మార్క్ లెపర్ అనే పరిశోధకులు 1982లో బీరూట్‌లోని సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోతపై అమెరికా టీవీల్లో వచ్చిన వార్తలను రెండు రకాల విద్యార్థులకు చూపించారు. కొందరు ఇజ్రాయెల్‌ను సమర్థించేవారు, కొందరు అరబ్బులను సమర్థించేవారు. అవే దృశ్యాలు, అవే మాటలు. మొదటివారికి ఆ వార్తలు ఇజ్రాయెల్ మీద పగబట్టినట్టు కనిపించాయి, రెండోవారికి ఇజ్రాయెల్‌ను వెనకేసుకొచ్చినట్టు కనిపించాయి. విషయం ఎంత ఎక్కువ తెలిసినవారైతే అంత ఎక్కువ పక్షపాతం కనిపించింది కూడా. అంటే ఒక పక్షాన్ని గట్టిగా నమ్మిన పాఠకుడు సరిగ్గా రాసిన వార్తనూ తిడతాడు, వాలుగా రాసిన వార్తనూ తిడతాడు. రెండు వైపుల నుంచీ తిట్లు వచ్చాయన్న ఒక్క సంగతిని బట్టి మీ వార్త ఎలాంటిదో చెప్పలేం. పాఠకుల ఆగ్రహానికీ ఇదే వర్తిస్తుంది. ‘పత్రిక అమ్ముడుపోయింది’ అని వచ్చిన ఉత్తరాల సంఖ్య కూడా దేనికీ సాక్ష్యం కాదు.

కాబట్టి చూడాల్సింది అచ్చయిన అక్షరాన్ని. పాత్రికేయుల చిత్తశుద్ధి మీద చర్చతో పెద్దగా ఒరిగేది లేదు, ఎందుకంటే చిత్తశుద్ధి ఉన్నా వార్త ఒరిగిపోవచ్చు. దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ నూరేళ్ల నాటిది. 1920లో వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ అనే అమెరికా పాత్రికేయులు ఇద్దరూ కూర్చుని, రష్యా విప్లవం గురించి న్యూయార్క్ టైమ్స్ రాసిన వార్తలను వరసగా పరిశీలించారు. 1917 నవంబరు నుంచి రెండేళ్లలో, ఆ విప్లవంతో గద్దెనెక్కిన బోల్షివిక్ ప్రభుత్వం కూలబోతోందనో, కూలిపోయిందనో ఆ పత్రిక 91 సార్లు రాసింది. ఆ ప్రభుత్వం కూలలేదు. దీని వెనుక కుట్ర ఉందని వాళ్లిద్దరూ అనలేదు. రిపోర్టర్లలో, ఎడిటర్లలో ఉన్న ఆశ, భయం ఆ వార్తలను రాయించాయని తేల్చారు. కోరుకున్న కబురు వస్తే తక్కువ రుజువుతో అచ్చువేయడం, ఇష్టంలేని కబురు వస్తే మరో రుజువు అడగడం: మనిషికి సహజమైన ఈ అలవాటును అదుపులో పెట్టే పద్ధతినే నేను నిష్పాక్షికత అంటాను. వ్యక్తికి అభిప్రాయాలు ఉంటాయి, ఉండాలి. పద్ధతి మాత్రం ఎవరి చేతిలో పెట్టినా ఒకేలా పనిచేయాలి.

తెలుగు వార్తలో పక్షపాతం అన్నిటికంటే ముందు చేరే చోటు క్రియ. ఒకే మాటను ‘అన్నారు’ అని రాయవచ్చు. ‘స్పష్టం చేశారు’ అనీ, ‘ఆరోపించారు’ అనీ, ‘అక్కసు వెళ్లగక్కారు’ అనీ రాయవచ్చు. ‘అన్నారు’, ‘చెప్పారు’, ‘పేర్కొన్నారు’ ఏ తీర్పూ ఇవ్వవు. ‘స్పష్టం చేశారు’ అంటే విషయం అప్పటిదాకా మసకగా ఉందనీ, ఈయన ఆ మసక తొలగించారనీ పత్రిక ఒప్పుకున్నట్టు. ‘వెల్లడించారు’, ‘బయటపెట్టారు’ అంటే చెప్పింది నిజమనీ, ఎవరో దాచి ఉంచారనీ పత్రికే పూచీ పడినట్టు. ‘గుర్తుచేశారు’ కూడా అంతే, జరగనిదాన్ని ఎవరూ గుర్తుచేయలేరు. ‘ఆరోపించారు’లో రుజువు చూపలేదన్న సూచన ఉంది. ‘సమర్థించుకున్నారు’ అన్నప్పుడు తప్పు జరిగిపోయిందని ముందే తేల్చేశాం. ‘బుకాయించారు’ అంటే అబద్ధమాడారని. ‘హితవు పలికారు’ అంటే మాట్లాడిన మనిషిని పెద్దపీట మీద కూర్చోబెట్టి, విన్నవాణ్ని బుద్ధి తక్కువవాడిని చేసినట్టు. ‘దిమ్మతిరిగే జవాబిచ్చారు’ అనేది ఏకంగా పోటీ ఫలితం ప్రకటించడం.

ఒక్క వార్తలో ఒక్క క్రియ వల్ల కొంప మునగదు. నెల రోజులపాటు ఒక పక్షం వాళ్లు స్పష్టం చేస్తూ, వెల్లడిస్తూ ఉంటే, రెండో పక్షం వాళ్లు ఆరోపిస్తూ, విరుచుకుపడుతూ ఉంటే, ఆ పత్రిక సంపాదకీయం చదవకుండానే దాని మనసు తెలిసిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. నెల రోజుల రాజకీయ వార్తలు తీసి, నాయకుల మాటలను ముగించిన క్రియలను మాత్రం పక్షాలవారీగా రెండు వరసల్లో రాసుకుంటే చాలు.

డెస్క్‌కు ఒక నియమం పెట్టుకోవచ్చు. మామూలుగా ‘అన్నారు’, ‘చెప్పారు’. ఎదుటివారి మీద తప్పు మోపి, ఆధారం చూపనప్పుడు ‘ఆరోపించారు’. ఇది ఎవరన్నా ఒక్కటే. ఆధారమైన పత్రాన్ని మన రిపోర్టరో సబ్ ఎడిటరో స్వయంగా చూసినప్పుడే ‘వెల్లడించారు’. అంతకు ముందు కాదన్నారనడానికి పాత వార్త మన దగ్గర ఉంటేనే ‘అంగీకరించారు’. ‘మండిపడ్డారు’, ‘నిప్పులు చెరిగారు’, ‘విరుచుకుపడ్డారు’ అనేవి రాజకీయ వార్తల్లో అసలే వద్దు. ఆ కోపం చూపాలంటే ఆయన వాడిన మాటను యథాతథంగా వేయండి, పాఠకుడికి అర్థమవుతుంది. ‘అన్నారు’ పదేపదే వస్తే చప్పగా ఉంటుందని సబ్ ఎడిటర్లు అంటారు. చదివే కన్ను ‘అన్నారు’ దగ్గర ఆగదు. పైగా తెలుగులో మూడు నాలుగు వాక్యాలను ఒక్క ‘అన్నారు’ కిందికి తేవచ్చు.

క్రియ తర్వాతది కర్త. మన భాషలో కర్త లేకుండానే వాక్యం హాయిగా నిలబడుతుంది, ఆ వెసులుబాటు వార్తలో ప్రమాదం. ‘లాఠీచార్జి జరిగింది’, ‘ఉద్రిక్తత చోటుచేసుకుంది’, ‘తోపులాటలో ఇద్దరికి గాయాలయ్యాయి’, ‘రాళ్లు పడ్డాయి’. ఈ వాక్యాల్లో ఎవరూ ఏమీ చేయలేదు, అన్నీ వాటంతట అవే జరిగిపోయాయి. మరో రోజు మరో పక్షం విషయం వచ్చేసరికి ‘ఫలానా పార్టీ కార్యకర్తలు రాళ్లు రువ్వారు’ అని కర్త ప్రత్యక్షమవుతాడు. ‘ఘర్షణ’ అంటే ఇద్దరూ కొట్టుకున్నారు, ‘దాడి’ అంటే ఒకరు కొట్టారు, ఒకరు తిన్నారు. ఏది రాయాలన్నది ఘటన చెప్పాలి. చేసిందెవరో రిపోర్టర్ నిర్ధారించుకుంటే ఏ పక్షమైనా పేరు రాయాలి. నిర్ధారణ కాకపోతే ‘ఎవరు రువ్విందీ తేలలేదు’ అని ఒక వాక్యం వేయాలి. కర్తను మింగేసి ఊరుకోవడం ఈ రెండిట్లో ఏదీ కాదు.

మర్యాద వాచకం సంగతి మరొకటి. చాలా భాషల్లో లేని పక్షపాతానికి తెలుగు క్రియ చివర చోటుంది. ఒకే రకం కేసులో ఇద్దరు నాయకుల కోసం పోలీసులు వెతుకుతుంటే ఒకరు ‘అందుబాటులో లేరు’, ఇంకొకరు ‘పరారయ్యాడు’. ఆ ‘రు’కూ ‘డు’కూ మధ్య కోర్టు తీర్పంత దూరం ఉంది. నేరం రుజువయ్యేదాకా అందరికీ ‘రు’ అని రాసుకుంటే గొడవే ఉండదు.

రాసిన మాటల్ని ఇలా పట్టుకోవచ్చు గానీ, రాయకుండా వదిలేసినవి పాఠకుడి కంటికి కనబడవు. వార్తల ఎంపికపై వచ్చిన తొలి అధ్యయనాల్లో డేవిడ్ మానింగ్ వైట్ 1950లో ప్రచురించినది ఒకటి. ఒక చిన్న అమెరికా పట్టణ పత్రికలో వార్తాసంస్థలు పంపే వార్తలను ఎంపికచేసే ఎడిటర్ ఒక వారంపాటు పక్కన పడేసిన ప్రతి వార్త మీదా కారణం రాశారు. వచ్చినవాటిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు చెత్తబుట్టకే పోయాయి. ‘చోటు లేదు’ అన్న కారణం చాలాసార్లు ఉంది. ‘ఇది ప్రచారం’, ‘దీన్ని పట్టించుకోను’ తరహా కారణాలూ ఉన్నాయి. ఎంపిక ఎంత ముఖ్యమో 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా చాపెల్ హిల్ అనే పట్టణంలో చూశారు. ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మంది ఏ సమస్యలు ముఖ్యమన్నారో, పత్రికలు, టీవీలు ఏ సమస్యలకు ఎక్కువ చోటిచ్చాయో పోల్చితే రెండు వరసలూ దాదాపు ఒకటే. ఏం అనుకోవాలో పత్రిక చెప్పలేకపోవచ్చు, దేని గురించి అనుకోవాలో మాత్రం చెబుతుంది. అందుకని నా కోరిక: రాజకీయ వార్తలకు సంబంధించి, వేయకుండా పక్కనపెట్టిన ప్రతి వార్తకు ఒక వాక్యం కారణంతో డెస్క్‌లో చిట్టా ఉంచండి. మూడు నెలల తర్వాత తిరగేస్తే, ఒక పక్షం వార్తలకే ‘చోటు లేదు’ వస్తోందా అన్నది తెలుస్తుంది.

అంకెల దగ్గర పక్షపాతానికి అబద్ధంతో పనే లేదు. ఒక పథకానికి పోయిన ఏడాది 100 కేటాయించారు, ఈ ఏడాది 110. ఈలోగా ధరలు 12 శాతం పెరిగాయి. ‘నిధులు 10 శాతం పెంపు’ నిజమే. ధరల పెరుగుదల తీసేస్తే చేతికొచ్చేది 98.2, కాబట్టి ‘నిధుల్లో కోత’ కూడా నిజమే. రెండు అంకెలూ ఒకే వాక్యంలో ఉండాలి. నిరుద్యోగం 4 శాతం నుంచి 5 శాతానికి చేరితే ఒకరు ‘1 శాతం పెరుగుదల’ అంటారు, ఇంకొకరు ‘25 శాతం పెరుగుదల’ అంటారు. మొదటిది 1 శాతం పాయింటు అనాలి, రెండోది పాత అంకెతో పోల్చి చెప్పిన శాతం. ఎవరి పాలనలో ఏ లెక్క వాడామన్నది చూసుకుంటే పక్షపాతం బయటపడుతుంది. నియమం ఒక్కటే: శాతం రాసిన ప్రతిచోటా మొదటి అంకె, చివరి అంకె, రెండిటి తేదీలు రాయాలి.

బహిరంగ సభల వార్తల్లో ‘జనసంద్రం’, ‘లక్షలాదిగా తరలివచ్చిన జనం’ అనేవి కొలవకుండా రాసే మాటలు. కొలవడానికి పద్ధతుంది. హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం అధ్యాపకుడు 1960లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థుల సభలను చూసి దీన్ని రూపొందించారు. పలచగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, దట్టంగా ఉంటే 4.5, కదలడానికి వీల్లేనంత కిక్కిరిస్తే 2.5. స్థలం వైశాల్యాన్ని దీనితో భాగిస్తే మనుషుల సంఖ్య వస్తుంది. 300 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పు ఉన్న మైదానం 60,000 చదరపు అడుగులు. పలచగా నిండితే 6,000 మంది, దట్టంగా నిండితే సుమారు 13,300 మంది. పది లక్షల మంది దట్టంగా నిలబడాలంటే 45 లక్షల చదరపు అడుగులు, అంటే సుమారు 103 ఎకరాలు కావాలి. సభకు ముందే మ్యాపులో స్థలం కొలుచుకుని రిపోర్టర్‌కు ఇస్తే సరిపోతుంది.

ఇందులో పొరపాట్లు మూడు చోట్ల జరుగుతాయి. వేదిక, బారికేడ్లు, నడవ దారులు తీసేయకపోవడం ఒకటి. వేదిక ముందు దట్టంగా ఉన్న జనాన్ని చూసి చివరిదాకా అంతే ఉన్నారనుకోవడం రెండు, అందుకే మైదానాన్ని ముందు, మధ్య, వెనుక అని మూడు ముక్కలు చేసి విడివిడిగా లెక్కించాలి. మూడోది ఫొటో. దూరాన్ని దగ్గరచేసే లెన్సుతో నేలబారుగా తీస్తే మనుషుల మధ్య ఉన్న ఖాళీ కనబడదు. రెండు పక్షాల సభలకూ ఎత్తు నుంచి, ఒకే రకం లెన్సుతో తీసిన ఫొటో వేయాలి. కొలవలేకపోతే నిర్వాహకులు చెప్పిన అంకెను వాళ్ల పేరు మీదే వేయండి, పత్రిక గొంతుతో వేయవద్దు.

సర్వేల విషయంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. 1,000 మందిని సక్రమంగా ఎంపికచేసి అడిగినా, ఒక్కో పార్టీ అంకెలో అటూ ఇటూ సుమారు 3 పాయింట్ల తేడా ఉండవచ్చు. ఇది చాలామంది రాస్తారు. రాయనిది ఏమిటంటే, రెండు పార్టీల మధ్య ఆధిక్యానికి ఆ తేడా దాదాపు రెట్టింపు. 44 శాతం, 42 శాతం వస్తే ఆ 2 పాయింట్ల ఆధిక్యానికి అటూ ఇటూ 5.7 పాయింట్ల సందేహం ఉంది. ‘ముందంజ’ అని పతాక శీర్షిక వేయడానికి అందులో ఏమీ లేదు. పోయిన నెల సర్వేతో పోల్చి ఒక పార్టీ ఎదిగిందో తగ్గిందో చెప్పాలంటే, రెండూ 1,000 మందివే అయినా, 4.4 పాయింట్లు దాటితేనే మాట్లాడాలి. అందులో 150 మంది యువ ఓటర్లను విడదీసి ‘యువత మొగ్గు’ అని రాస్తే సందేహం అటూ ఇటూ 8 పాయింట్లు. ఇవన్నీ యాదృచ్ఛికంగా ఎంపికచేసిన సర్వేకు వర్తించే లెక్కలు. ఎంపికే వంకరగా ఉంటే సంఖ్య ఎంత పెద్దదైనా కాపాడదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ లిటరరీ డైజెస్ట్ పత్రిక సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి, వాటిని నమ్మి, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తారని వేశారు. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. కనుక సర్వే వార్తలో ఎంతమందిని, ఏ తేదీల్లో, ఎలా ఎంచుకుని, ఏ ప్రశ్న అడిగారో, డబ్బు ఎవరిచ్చారో, ‘ఇంకా తేల్చుకోలేదు’ అన్నవారు ఎంతమందో ఉండాలి. ఇందులో ఏది దొరకకపోయినా సర్వేను మొదటి పేజీలో వేయకూడదు.

‘రెండు వైపులా వేశాం కదా’ అన్నదీ అంత గట్టి రక్షణ కాదు. మాక్స్‌వెల్ బాయ్‌కాఫ్, జూల్స్ బాయ్‌కాఫ్ సోదరులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 1988 నుంచి 2002 వరకు నాలుగు పెద్ద అమెరికా పత్రికల్లో భూతాపంపై వచ్చిన 636 వార్తలను పరిశీలించారు. అందులో సగానికి పైగా వార్తలు, మనిషి చేతల వల్ల భూమి వేడెక్కుతోందన్న వాదనకూ, అంతా ప్రకృతి సహజమేనన్న వాదనకూ సమానమైన చోటిచ్చాయి. శాస్త్రవేత్తల్లో ఆ రెండు వాదనలకూ సమాన బలం లేదు. సమానంగా వేయడమే అక్కడ పక్షపాతమైంది. రాజకీయాల్లో కూడా, అభిప్రాయం మీద వివాదం అయితే ఇద్దరికీ చోటివ్వాలి. ఒక చట్టం ఏ తేదీన ఆమోదం పొందింది, బడ్జెట్‌లో ఏ అంకె ఉంది అన్నదాని మీద వివాదమైతే రిపోర్టర్ వెళ్లి ఆ పత్రం చూడాలి, చూసి ఎవరి మాట తప్పో రాయాలి. ‘ఆయన ఇలా అన్నారు, ఈయన అలా అన్నారు’ అని కొటేషన్ల వెనక దాక్కోవడం పాత్రికేయులకు నింద నుంచి తప్పించుకునే తంతుగా మారిందని సామాజిక శాస్త్రవేత్త గే టక్‌మన్ 1972లోనే రాశారు. ఫ్రాన్స్‌లో టీవీ, రేడియోల్లో నాయకుల మాట్లాడే సమయాన్ని లెక్కిస్తారు. బ్రిటన్‌లో ప్రసార నియమాలు ‘తగిన నిష్పాక్షికత’ అంటాయి, ఆ ‘తగిన’ అంటే విషయాన్ని బట్టి అని. ఈ రెండో ఆలోచనే పత్రికకు పనికొస్తుంది.

తప్పుడు మాటను శీర్షికలో పెట్టి, లోపల నాలుగో పేరాలో ఖండించడం మరో అలవాటు. చాలామంది శీర్షిక మాత్రమే చదువుతారు. పూర్తిగా చదివినవారి జ్ఞాపకాన్నీ, ఆలోచననూ కూడా దారితప్పించే శీర్షిక వంచుతుందని ఉల్రిక్ ఎకర్ బృందం 2014లో ప్రయోగాలతో చూపింది. తప్పని తెలిసిన మాటను శీర్షికలోకి ఎక్కించక తప్పకపోతే, తప్పన్న సంగతి కూడా అదే శీర్షికలో ఉండాలి. చివర ప్రశ్నార్థకం తగిలిస్తే సరిపోదు.

పేరులేని వర్గాల గురించి. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’, ‘అని తెలిసింది’, ‘అని పార్టీలో చర్చ జరుగుతోంది’. ఎవరికి తెలిసింది, ఎవరి ద్వారా? పేరు దాచడానికి న్యాయమైన కారణాలు ఉంటాయి. ఉద్యోగం పోతుందన్న భయం, ప్రాణభయం. అప్పుడు నాలుగు సంగతులు రాయాలి: ఎంతమంది చెప్పారు, వాళ్లకు ఆ విషయం తెలిసే అవకాశం ఎలా ఉంది, పేరు ఎందుకు దాస్తున్నాం, ఈ మాట బయటికి వస్తే వాళ్లకు లాభం ఉందా. పేరు చెప్పని మనిషి ఇంకో మనిషి గుణగణాలను తిట్టడానికి పత్రికను వాడుకోనివ్వకూడదు. సమాచారం ఇస్తే తీసుకోవాలి, తిట్టు ఇస్తే వదిలేయాలి.

శాంతో అయ్యంగార్ అనే పరిశోధకుడు 1980లలో చేసిన టీవీ ప్రయోగాల సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. పేదరికాన్ని ఒక మనిషి కథగా చూపితే, చూసినవారు ఆ మనిషినే తప్పుపట్టే అవకాశం పెరిగింది. అంకెలతో, విధానాలతో చూపితే సమాజాన్నీ ప్రభుత్వాన్నీ బాధ్యులను చేశారు. ఒక పక్షం పాలనలో కన్నీటి కథలు, మరో పక్షం పాలనలో అంకెల పట్టికలు వేస్తే ఏ వాక్యంలోనూ తప్పు దొరకదు, బాధ్యత మాత్రం చేతులు మారుతుంది.

ఇప్పుడు కొలత. మీ పత్రికను మీరే లెక్క తీసుకోవాలని నా ప్రధాన విన్నపం, అందుకు విధానం ఇది. ఏడాది పత్రికలన్నీ చదవనక్కర్లేదు. వరసగా ఒక వారం తీసుకుంటే ఆ వారంలో జరిగిన ఒక పెద్ద ఘటన లెక్కంతా మింగేస్తుంది. అందుకని 52 సోమవారాల్లోంచి లాటరీ తీసి రెండు, అలాగే మంగళవారాల్లోంచి రెండు, ఇలా ఆదివారం దాకా 14 సంచికలు ఎంచుకోవాలి. దినపత్రికకు ఇలా కూర్చిన రెండు వారాలు ఏడాది మొత్తానికి సరిపోతాయని డేనియల్ రిఫ్, చార్లెస్ ఆస్ట్, స్టీఫెన్ లేసీ 1993లో చూపించారు. ప్రతి రాజకీయ వార్తకు ఒక కాగితం: ఏ పేజీ, ఎన్ని కాలమ్‌లు, ఫొటో ఉందా, ఎవరి మాటలు ఎన్ని వాక్యాలు, ఏ క్రియలు, పేరులేని వర్గాలు ఎన్ని, ఎదుటిపక్షం వివరణ ఎన్నో పేరాలో వచ్చింది, శీర్షిక స్వరం అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా.

స్వరం తేల్చే ముందు పార్టీల పేర్లు, నాయకుల పేర్లు చెరిపేసి ‘క’, ‘చ’ అని రాయాలి. ఈ మెట్టు దాటేస్తే లెక్క వేసేవాడి ఇష్టమే లెక్కగా మారుతుంది. తర్వాత కనీసం 50 వార్తలను ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా తూచాలి. ఇద్దరూ 43 వార్తల్లో ఏకీభవించారనుకుందాం, అంటే 86 శాతం. బాగుందనిపిస్తుంది. కానీ ఇద్దరూ పదింట ఎనిమిదింటిని తటస్థం అనీ, ఒకటి అనుకూలం, ఒకటి ప్రతికూలం అనీ వేస్తూ పోతే, కళ్లు మూసుకుని వేసినా 66 శాతం కలుస్తాయి. ఆ యాదృచ్ఛికాన్ని తీసేసే సూచికను జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చారు. 86లోంచి 66 తీసేసి, 100లోంచి 66 తీసేసినదానితో భాగిస్తే 0.59. ఇదే పనికి క్లౌస్ క్రిపెన్‌డార్ఫ్ రూపొందించిన ఆల్ఫా సూచికకు ఆయన పెట్టిన గీటు 0.80, తాత్కాలిక నిర్ణయాలకైనా 0.667. 0.59 వచ్చిందంటే నిర్వచనాలు వదులుగా ఉన్నాయని అర్థం. వాటిని బిగించి, వేరే 50 వార్తలతో మళ్లీ తూచాలి. పాత 50తోనే మళ్లీ తూస్తే జ్ఞాపకం వల్ల కలుస్తాయి.

లెక్క తేలాక దాన్ని చదవడంలోనే ఎక్కువమంది తప్పుతారు. రెండు పక్షాలకూ 50-50 రావాలని లేదు. ప్రభుత్వం నడిపేవారు నిర్ణయాలు తీసుకుంటారు, కాబట్టి వాళ్ల వార్తలు ఎక్కువే ఉంటాయి. ఒక పక్షం నాయకుడు నిజంగా కుంభకోణంలో దొరికితే ప్రతికూల వార్తలు పెరుగుతాయి, అదీ పక్షపాతం కాదు. అందువల్ల మొత్తాలను పోల్చకూడదు, జతలను పోల్చాలి. ఈ పక్షం సభ, ఆ పక్షం సభ. ఈ నాయకుడి అరెస్టు, ఆ నాయకుడి అరెస్టు. ఇటు నుంచి అటు చేరిన ఎమ్మెల్యే, అటు నుంచి ఇటు చేరిన ఎమ్మెల్యే. ఒకటి ‘చేరిక’గా, ఇంకొకటి ‘ఫిరాయింపు’గా అచ్చయిందా అన్నది చూస్తే సందేహానికి తావుండదు. రాత్రి పేజీలు మూసే వేళ ఇంత తీరిక ఉండదు గనుక, డెస్క్‌కు దీని పొట్టి రూపం ఒకటి చాలు: శీర్షికలో పార్టీల పేర్లు అటుదిటు మార్చి చదవండి. ఘటన ఇదే అయ్యుండి పక్షం మారితే ఇదే శీర్షిక, ఇదే పేజీ, ఇన్నే కాలమ్‌లు ఇస్తామా? తడుముకోకుండా ‘ఇస్తాం’ అనలేకపోతే శీర్షిక మార్చాలి.

చివరగా సవరణల చోటు. ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న వార్తల్లో తగినంత కఠినంగా వ్యవహరించలేదని న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న ఒప్పుకుంది. భయపెట్టే వార్తలకు ప్రముఖమైన చోటిచ్చామనీ, వాటిని ప్రశ్నించిన తరువాతి వార్తలు కొన్నిసార్లు లోపలెక్కడో పడ్డాయనీ అందులో రాసింది. ఆ ఒప్పుకోలు అచ్చయింది మాత్రం లోపల పదో పేజీలో. మీ పత్రిక ఒక నియమం ప్రకటించాలని కోరుతున్నాను: తప్పు ఏ పేజీలో వచ్చిందో సవరణ ఆ పేజీలోనే, శీర్షికలో తప్పుంటే సవరణకూ శీర్షిక, మూడు రోజుల్లోగా, అసలు తప్పేమిటో, సరైనదేమిటో రెండూ చెబుతూ. వెబ్‌సైట్‌లో పాత వార్తను చప్పుడు లేకుండా దిద్దకుండా, దిద్దిన తేదీ పైనే వేయాలి. పై 14 సంచికల లెక్కను ఏడాదికోసారి ప్రచురించేటప్పుడు, ఏ పక్షం వార్తలకు ఎన్ని సవరణలు పడ్డాయో కూడా ఆ పట్టికలో ఒక వరసగా చేర్చండి, లెక్కవేసిన ఇద్దరి మధ్య వచ్చిన అంగీకార సూచికను దాని పక్కనే వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు